వెదురు చాటు వంటిల్లు

ఎండిన వెదురు గెడ ఒకటి తెచ్చి బావగారు కాఫీ కప్పుల మధ్య పెట్టారు. రాలిన ఆకు ఒకటి అత్తగారి కప్పులో పడింది.

"ఇది ఎవరి పని?"

ఆయన అరవలేదు. ఆయన అరవగా విన్నవాళ్ళు వీధిలో ఎవరూ లేరు. ఇరవై రెండేళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్న మనిషి. చివరి బెంచీ దాకా వినపడుతుంది కానీ గొంతు పెంచినట్టుండదు. అందుకే అందరూ మాస్టారు, మాస్టారు అంటూ దారి ఇస్తారు.

అత్తగారు కప్పులోంచి ఆకు తీసి అవతల పడేసింది. "పొద్దున్నే తమ్ముడింటి మీదికొచ్చి పంచాయితీ ఏమిట్రా?"

"మూడు కుదుళ్ళు మాడిపోయాయమ్మా. వారం కిందట పచ్చగా ఉన్నాయి. ఎవరో ఏదో పోశారు. పోసినవాళ్ళ పేరు కావాలి నాకు."

"పేరు తెలిస్తే ఏం చేస్తావు? బెంచీ ఎక్కిస్తావా?"

చిన్నకొడుకు నవ్వబోయి, అన్నయ్య మొహం చూసి మానేశాడు.

"నువ్వు పోశావా?" అన్నారు బావగారు తల్లితో.

"లేదు. ఆ బుద్ధి నాకెందుకు పుట్టలేదా అని ఇప్పుడు బాధపడుతున్నాను. ఒక్క కడుపున పుట్టి, మధ్యలో అడవి పెంచుకున్నారు ఇద్దరూ. నా పెద్దకొడుకు తిన్నాడో లేదో తెలుసుకోవాలంటే వీధిలోకెళ్ళి తలుపు కొట్టాలి నేను."

ఆయన వెనక, గుమ్మం దగ్గర పెద్దకోడలు నిలబడి ఉంది. చెమటలు పోసే రోజుల్లో పొడుగు చేతుల స్వెట్టర్ వేసుకుని, చేతులు కట్టుకుని, నేల చూస్తోంది.

చిన్నకోడలు ఆమె వైపు చూడలేదు. ఎనిమిది నెలలుగా చూడటం మానేసింది.

ఆ ఎనిమిది నెలల కిందటి వరకూ వాళ్ళిద్దరూ తోడికోడళ్ళని చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. మామగారు పోయాక ఉన్న కాస్త స్థలాన్ని నిలువుగా రెండు ముక్కలు చేసి, అన్నదమ్ములు చెరో ఇరుకు ఇల్లు లేపుకున్నారు. మధ్యలో ఏడడుగుల సందు. చిన్నవాళ్ళ మెట్ల మలుపులో ఉన్న కిటికీకీ, పెద్దవాళ్ళ వంటింటి కిటికీకీ సరిగ్గా ఎదురూబొదురు. మెట్లెక్కేటప్పుడు ఒక మాట, దిగేటప్పుడు ఒక మాట. అక్క కూర తరుగుతూ చెప్పడం మొదలుపెట్టిన కథ చెల్లెలు బట్టలు ఆరేసి వచ్చేసరికి పూర్తయ్యేది.

తర్వాత ఒకరోజు చుట్టాలింట్లో భోజనాల దగ్గర, పది మందిలో ఒకావిడ చిన్నకోడల్ని అడిగింది. "మొగుడూ పెళ్ళాలు వేరు వేరు గదుల్లో పడుకుంటున్నారటగా, ఏమయిందమ్మా?" ఆ రెండు నెలలూ చిన్నవాళ్ళ కాపురం నిజంగానే బాగాలేదు. ఆ సంగతి బయటికి తెలిసే దారి ఒక్కటే. ఆ కిటికీ.

మర్నాడే బావగారు వచ్చారు. తప్పు చేసినవాడిలా కూర్చున్నారు. "మీ అక్కకి నోరాగదమ్మా. తప్పు మా ఇంటిదే. ఊరందరికీ తెరలు కడతావు, నీ ఇంటికి కట్టుకోలేకపోయావా? మొక్కలు నేనే తెప్పిస్తాను, నువ్వు పెట్టించు."

చిన్నకోడలి పని అదే. ఇల్లూ ఇల్లూ ఒరుసుకుని కట్టుకున్న పేటల్లో, ఎవరి కంట ఎవరూ పడకుండా ఎక్కడ ఏ మొక్క వెయ్యాలో, ఏ గోడకి ఎంత ఎత్తు తీగ పాకించాలో గీసి, దగ్గరుండి పెట్టిస్తుంది. బావగారే ఆమెకి 'తెరలమ్మ' అని పేరు పెట్టారు. ఆ పేరే స్థిరపడింది.

సందులో పొడుగాటి తొట్లు కట్టించింది. దగ్గర దగ్గరగా గుబురు కట్టే రకం వెదురు తొమ్మిది కుదుళ్ళు వేసింది. పంతం మీద చేసిన పని. అంత శ్రద్ధగా ఇంకెవరికీ చేయలేదు. ఆరు నెలలు తిరక్కుండానే వంటింటి కిటికీ మాయమైంది.

"చీడేమో అన్నయ్యా," అన్నాడు ఆమె భర్త.

"చీడ వరస చూసుకుని పడుతుందా?" అన్నారు బావగారు. "తొమ్మిదింటిలో సరిగ్గా నడిమి మూడూనా? రేపు పొద్దున మేస్త్రీని తెస్తున్నాను. ఇక మొక్కలు వద్దు, గోడే. ఎత్తెంతో నువ్వే గీసివ్వమ్మా, తెరలమ్మా. ఈలోగా పోసినవాళ్ళు తమంతట తాము చెబితే మర్యాదగా ఉంటుంది."

అందరి మొహాలూ చూశారు ఆయన. భార్య మొహం మాత్రం చూడలేదు.

వాళ్ళు వెళ్ళాక చిన్నకోడలు సందులోకి వెళ్ళి వంగి చూసింది. మట్టి మీద తెల్లగా పొర కట్టి ఉంది. చిటికెడు తీసి నాలిక చివర పెట్టుకుని ఉమ్మేసింది. ఉప్పు.

లేచి నిలబడి, చచ్చిన మూడు కుదుళ్ళ మీదుగా ఇటు చూసింది, అటు చూసింది. కోపం మీద పోసినవాళ్ళయితే చేతికందిన చోటల్లా పోస్తారు. ఇది అలా లేదు. మెట్ల కిటికీకీ వంటింటికీ మధ్య ఎంత మేర చూపు పడుతుందో అంత మేరే, ఒక్క జానెడు అటూ ఇటూ కాకుండా, ఎవరో తూచినట్టు చంపారు.

*

ఆ రోజు ఆమె పని రిటైరైన ఒక నర్సు ఇంట్లో. ఒంటరి మనిషి. పెరడంటే రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత. చుట్టూ నాలుగు మేడలు, పదకొండు బాల్కనీలు.

"ఎక్కడ కూర్చుంటారు మీరు?" అనడిగింది చిన్నకోడలు. ఏ ఇంటికెళ్ళినా మొదట అడిగే మాట అదే. కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తు పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. అక్కణ్ణించి ఒక్కో బాల్కనీకీ దారం లాగి, చూపు ఎక్కడ తెగాలో అక్కడ మొక్క వేస్తుంది.

నర్సమ్మ కుర్చీ చూపించింది. దారాలు లాగడం అయ్యాక, మూలనున్న బాల్కనీకి లాగిన దారాన్ని తనే విప్పేసింది.

"అది వదిలెయ్యండి."

"అక్కణ్ణించే ఎక్కువ కనపడతారండీ."

"కనపడాలనే. ఆ ఇంట్లో ముసలాయన రోజూ పొద్దున అక్కడ పేపరు చదువుతాడు. మనిషి నాకు నచ్చడు. కానీ నేనిక్కడ జారిపడితే చూసే కళ్ళు ఒక జతైనా ఉండాలిగా? ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో చేశాను. మూలగది పేషెంట్లే ఎప్పుడూ ముందు పోయేవాళ్ళు. జబ్బు ముదిరి కాదు, ఎవరికీ కనపడక."

చిన్నకోడలు కాగితం మీద గీస్తున్న గీత మధ్యలో ఆగింది.

"ఏం, కుదరదా?" అంది నర్సమ్మ.

"కుదురుతుందండీ," అంది. ఆ తర్వాత ఒక్క గీత సరిగ్గా పడలేదు. తలనొప్పని చెప్పి, దారాలు చుట్టుకుని, మధ్యాహ్నానికే బయల్దేరిపోయింది.

*

ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా మెట్లెక్కి మలుపులో ఆగింది. ఆకు రాలిన గెడల మధ్య నుంచి వంటిల్లు కనిపిస్తోంది. ఇల్లు ఖాళీగా ఉండే వేళ. బావగారు కాలేజీలో, వాళ్ళ పిల్ల బడిలో.

పెద్దకోడలు గిన్నెలు కడుగుతోంది. స్వెట్టర్ చేతులు మోచేతుల దాకా మడుచుకుంది. తలెత్తి చూసింది. మడతలు గబుక్కున దించుకుంటుందనుకుంది చిన్నకోడలు. దించుకోలేదు. అలాగే నిలబడింది, చూడనిచ్చింది.

"అక్కా." కిటికీకి దగ్గరగా జరిగింది. మళ్ళీ అంది. "అక్కా, ఆ చేతులకేమైంది?"

"కాలింది."

"కాలితే అలా నాలుగు వేళ్ళ మచ్చ పడదు."

పెద్దకోడలు నవ్వింది. "ఎనిమిది నెలల తర్వాత పలకరించావు. మొదటి మాటలోనే తప్పులెన్నుతున్నావు."

"ఉప్పునీళ్ళు పోసింది నువ్వేనా?"

"ఊఁ. ఒక్కసారే పోస్తే తెలిసిపోతుందని రోజుకో చెంబు పోశాను. నువ్వు వేసిన మొక్కలు కదా, చావడానికి కూడా మొండికేశాయి."

"ఎందుకు పోశావు?"

ఆమె కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుని కిటికీ దగ్గరికొచ్చింది. "మీ మెట్ల కిటికీ కనపడుతున్నన్నాళ్ళూ ఈ వంటింట్లో ఆయన చేతులు జేబులో ఉండేవి. నువ్వెప్పుడు ఎక్కుతావో ఎప్పుడు దిగుతావో తెలీదు కదా. ముందుగదిలో వీధి భయం. పడగ్గదిలో పిల్ల ఉంటుంది. ఆయనకి ఇంట్లో చాటన్నది లేకుండా ఉండేది. నువ్వు ఇచ్చావు."

చిన్నకోడలు కిటికీ ఊచ పట్టుకుంది.

"ముందే ఒక్క మాట చెప్పుంటే..."

"ఎప్పుడు చెప్పను? మొక్కలు పెట్టేటప్పుడు వచ్చాను. వీపు నావైపు తిప్పి, నీ పనిలో నువ్వున్నావు. రెండుసార్లు పిలిచాను."

నిజమే. పిలిచింది. వినపడనట్టు నటించింది తను. ఆ నటన బాగా కుదిరిందని ఆ పూట సంతోషపడింది కూడా.

"మరి నువ్వు చేసిందో? మా గదుల సంగతి చుట్టాల్లో చాటి..."

"నేను చాటానా? ఎవరు చెప్పారు?"

"ఎవరో ఏమిటి, బావగారే..."

ఆ మాట సగంలోనే ఆగిపోయింది.

పెద్దకోడలు పొయ్యి మీద నీళ్ళు కాగేదాకా కాచుక్కూర్చునే మనిషిలా, ఆ మాట ఇవతల మనిషి లోపలికి దిగేదాకా కాచుకుంది.

"అదీ సంగతి," అంది చివరికి. "నేను ఇవాళ్టికీ ఎవరితోనూ అనలేదు. పిల్లతో కూడా. నువ్వు కిటికీలో చెప్పేవి ఆయన ముందుగదిలో కూర్చుని వినేవారు."

మొక్కలు నేనే తెప్పిస్తానమ్మా. తప్పు మా ఇంటిదే. చిన్నకోడలి మనసులో ఆ నిముషాన 'బావగారు' అన్న మాటలో 'గారు' రాలిపోయింది. మళ్ళీ అతుక్కోలేదు.

"రేపు గోడ గియ్యకు," అంది పెద్దకోడలు. "నాకింకేమీ అక్కర్లేదు. నా తరఫున మాట్లాడకు, పోట్లాడకు. మీరందరూ వాకిట్లో నాలుగు మాటలు అనేసి ఇళ్ళకి పోతారు. తర్వాత ఈ తలుపు వెనక ఉండాల్సింది నేను. గోడ రాకుండా చూడు చాలు."

వీధి గేటు చప్పుడైంది. ఆమె స్వెట్టర్ చేతులు దించుకుని, కుళాయి తిప్పి, మళ్ళీ గిన్నెల మీదికి వంగింది.

*

సాయంత్రం భర్త వచ్చి బూట్లు విప్పుకుంటుంటే చిన్నకోడలు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నీకు తెలుసు కదూ?"

ఏమిటని అడగలేదు అతను. లేసు ముడి విప్పుతూనే ఉన్నాడు. అది ఎప్పుడో విడిపోయింది.

"మూడేళ్ళ కిందట ఆ మెట్ల కిటికీకి కర్టెన్ వేద్దామన్నావు. వెలుతురు పోతుందని నేను ఒప్పుకోలేదు. ఎందుకు వేద్దామన్నావు?"

"ఒకసారి చూశాను."

"చూసి?"

"దగ్గాను."

"ఏమిటీ?"

"గట్టిగా దగ్గాను. అన్నయ్య ఆపేశాడు." బూటు పక్కన పెట్టాడు. "ఆ తర్వాత ఎప్పుడు మెట్లెక్కినా దగ్గుతూ ఎక్కేవాణ్ణి."

ఆమెకి నవ్వొచ్చింది. "మూడేళ్ళు నీకు దగ్గుమందు తెచ్చి పోశాను. ఇద్దరు డాక్టర్లకి చూపించాను. రోజూ తాగావు నువ్వు దాన్ని."

"ఏం చెప్పమంటావు? నాన్న పోయాక నన్ను చదివించింది వాడు. ఫీజు కట్టాల్సినరోజు తను తినకుండా..."

"అందుకని ఆవిడ తినాలా దెబ్బలు?"

"నెమ్మదిగా. అమ్మ వింటుంది."

"వినకుండా ఉందా ఇన్నేళ్ళూ?"

పక్కగదిలో అత్తగారి మంచం కిర్రుమంది. అంతే.

"మొక్కలు వేస్తుంటే కూడా ఆపలేదు నువ్వు," అంది ఆమె.

"ఇక దగ్గక్కర్లేదనుకున్నాను," అన్నాడు అతను. అనేశాక రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఆమె ఓదార్చలేదు. లేచి వెళ్ళి, పడుకునే గది తలుపు లోపల గడియ వేసుకుంది.

*

మర్నాడు ఎనిమిదింటికే మేస్త్రీ టేపు పట్టుకుని సందులో నిలబడ్డాడు. బావ కాలేజీకి వెళ్ళే ఇస్త్రీ బట్టల్లో ఉన్నాడు. తల్లినీ తమ్ముణ్ణీ పిలిపించాడు. భార్యని కూడా సందు మొగలోకి రమ్మన్నాడు. ఆమె పక్కన పన్నెండేళ్ళ పిల్ల, భుజాన బడిసంచీతో.

"నిన్నటి ప్రశ్నకి జవాబు రాలేదు," అన్నాడు బావ. "సరే. ఒక్కొక్కళ్ళనే అడుగుతాను." మొదటిసారి భార్య వైపు తిరిగాడు. "మొదలు మా ఇంటి నుంచే."

పెద్దకోడలు పెదవులు తెరిచింది.

"నేనే పోశాను," అంది చిన్నకోడలు.

మేస్త్రీ టేపు చప్పున చుట్టుకుపోయింది.

"నువ్వా?" బావ మొహంలో చిరునవ్వు చెక్కుచెదరలేదు. "నువ్వు పెంచిన మొక్కల్ని నువ్వే?"

"మెట్ల మీద వెలుతురు రావట్లేదు. పడిపోయేలా ఉన్నాను. మిగిలిన ఆరూ కూడా ఇవాళ తీయించేస్తాను. గోడ రాదు. ఇక్కడ గోడ లేస్తే సగం నా స్థలంలో పడుతుంది, నేను ఒప్పుకోను. అంతే కదా?" అని భర్త వైపు తిరిగింది.

అతను గొంతు సవరించుకున్నాడు. అన్నయ్యని చూశాడు. మట్టిని చూశాడు. "అంటే... వెలుతురు మాట నిజమే అన్నయ్యా," అని గొణిగాడు. ఒప్పుకోనన్న మాట మాత్రం అతని నోటి నుంచి రాలేదు.

బావ తలూపాడు. అబద్ధం చెప్పిన విద్యార్థిని క్షమించినట్టుగా ఉంది ఆ ఊపు. "నువ్వు మంచిదానివమ్మా. ఎవరి మీదకో రాకూడదని నీ మీద వేసుకుంటున్నావు. నిన్న మధ్యాహ్నం కాలేజీ నుంచి తొందరగా వచ్చేశాను. మీరిద్దరూ కబుర్లాడుకుంటుంటే కల్పించుకోవడం ఎందుకని గేటు దగ్గరే ఆగాను." భార్య మోచెయ్యి పట్టుకున్నాడు, మెత్తగా, జనంలో దారి తప్పకుండా పట్టుకున్నట్టు. "పద. లోపల మాట్లాడుకుందాం. మేస్త్రీ, నువ్వు కొలతలు తీసుకో."

పిల్ల వాళ్ళ వెనకే వెళ్ళింది. తలుపు పడింది. ఒక్క క్షణానికి వంటింటి కిటికీ రెక్కలు కూడా దగ్గరకొచ్చి మూసుకున్నాయి. మొక్కలున్నా లేకపోయినా ఇప్పుడొకటే.

చిన్నకోడలు కదిలింది. భర్త చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు. వెళ్తే ఇంకా ఎక్కువవుతుంది. వదిన కూడా వద్దనే అంటుంది."

"అంది. నిన్ననే అంది," అని చెయ్యి విదిలించుకుంది.

వీధిలోకి వచ్చి, పెద్దవాళ్ళ గుమ్మం ఎక్కి బెల్లు నొక్కింది. జవాబు లేదు. మళ్ళీ నొక్కింది. ఈసారి వేలు తీయలేదు. ఎదురింటి బాల్కనీలో ఒకాయన టవల్ భుజాన వేసుకుని వచ్చాడు. పైన కిటికీ తెరుచుకుంది. పక్కమేడ మీద ఇద్దరు ఆడవాళ్ళు పిట్టగోడ మీదికి వంగారు. పన్నెండేళ్ళుగా ఆ వీధిలో కళ్ళన్నిటికీ అడ్డాలు కట్టిన మనిషి వెనక్కి తిరిగి ఒక్కొక్కళ్ళ మొహంలోకీ చూసింది.

"ఏమైందమ్మా?" అన్నాడు టవలాయన.

"ఇక్కడే ఉండండి," అంది. "లోపలికి వెళ్ళకండి. చూస్తూ ఉండండి."

లోపల ఏదో పడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడానికే ఆమెకి భయమేసింది. అరచేత్తో తలుపు బాదింది.

గడియ తీసిన శబ్దం. తలుపు జానెడు తెరుచుకుంది. పిల్ల. బడిసంచీ ఇంకా భుజానే ఉంది. మొహంలో రక్తం లేదు, కళ్ళలో నీళ్ళూ లేవు.

"పిన్నీ, నిన్ను వెళ్ళిపొమ్మంటోంది అమ్మ."

"నువ్వేమంటున్నావు?"

పిల్ల ఒకసారి వెనక్కి చూసింది. తర్వాత పిన్ని భుజం మీదుగా, బాల్కనీల్లో నిలబడ్డ మనుషుల్ని చూసింది.

తలుపు మాత్రం వేయలేదు.